సార్జెంటు టూమీ సెన్సారు చేసిన వార్త

మా ఊళ్లో పదకొండేళ్లు పనిచేసిన సార్జెంటు డినీ టూమీ మంచివాడు. దీపం లేని సైకిలు కనబడితే కేసు రాయడు, తన దీపమే తీసిచ్చి పంపిస్తాడు. ఊళ్లో ఎవరు పోయినా శవపేటిక కింద ఒక భుజం ఆయనదే. ఆయనలో లోపం ఒక్కటే, కార్క్‌లో పుట్టాడు. మా ఐర్లండులో పోలీసుకి సొంత జిల్లాలో ఉద్యోగం ఇవ్వరు కాబట్టి మా కిల్కెనీ జిల్లా నెత్తిన పడ్డాడు.

1939 సెప్టెంబరు మొదటి ఆదివారం. కర్రలతో ఆడే మా హర్లింగ్ ఫైనల్లో కిల్కెనీ, కార్క్ తలపడుతున్నాయి. యూరప్‌లో యుద్ధం మొదలైంది కూడా ఆ రోజుల్లోనే. మనం ఎటూ చేరం, కానీ ఎమర్జెన్సీ అన్నాడు మా దేశ నాయకుడు. ఊరికంతటికీ రేడియో ఒక్కటే, నోనీ బ్రోఫీది. పొద్దున్నుంచీ టూమీ దాని ముందునుంచి కదల్లేదు, కట్టేయనివ్వలేదు.

"ఏమయ్యా, బ్యాటరీ అయిపోతోంది. కాసేపు ఆపితే నీ సొమ్మేం పోయింది?" అంది నోనీ.

"దేశానికి ఎమర్జెన్సీ వచ్చిందమ్మా. వార్తలు వినడం నా డ్యూటీ."

"డ్యూటీ కాదు, మీవాళ్లు ఓడిపోవడం వినలేక మా బ్యాటరీ తాగేస్తున్నావు."

"నేను ఏ పక్షమూ కాదు. నాయకుడు చెప్పింది విన్లేదా? మనం తటస్థం."

మధ్యాహ్నం ఆట మొదలైంది. ఊరంతా నోనీ కిటికీ కింద చేరింది. చివరి నిమిషానికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే రేడియోలో గొంతు సన్నబడి, ఒక మూలుగు మూలిగి, ఆగిపోయింది.

అందరం టూమీ వైపు తిరిగాం. నాకైతే ఆయన్ని ఎత్తి బావిలో పడేయాలనిపించింది.

"వెళ్లి మీ స్టేషన్లో ఫోన్ చేసి కనుక్కో," అంది నోనీ. ఊళ్లో ఫోన్ అక్కడే ఉంది.

"అది ఎమర్జెన్సీకే వాడాలమ్మా."

"వీళ్ల మొహాలు చూడు. ఇంతకంటే ఎమర్జెన్సీ ఏముంటుంది నీకు?"

చూశాడు. వెళ్లాడు. పావుగంటలో తిరిగొచ్చి, టోపీ సరిచేసుకుని గుమ్మంలో నిటారుగా నిలబడ్డాడు.

"ఎమర్జెన్సీలో జనాన్ని కలవరపెట్టే వార్తలు బయటపెట్టకూడదు. అందుచేత ఆ ఫలితాన్ని సెన్సారు చేశాను."

ఆ కలవరం ఎవరిదో ఆయన మొహంలోనే తెలిసిపోయింది. అంతే, ఊళ్లో ఉన్న టోపీలన్నీ గాల్లోకి లేచాయి.

ఆ గోలలో ఆయన ఒక్కడూ వెళ్లి గోడ మీద కూర్చున్నాడు. అప్పుడు మాత్రం నాకు నిజంగా జాలేసింది. నోనీ టీ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఎంత తేడాతో సార్జెంటూ?" అంది మెల్లగా.

టూమీ తలెత్తకుండా ఒక్క వేలు చూపించాడు.