ఎండ కాస్తే పోయే నెట్టు

వాన పడితే అందరి ఇళ్ళల్లో నెట్టు పోతుంది. మా ఇంట్లో ఎండ కాస్తే పోయేది. ఈ మాట చెబితే కస్టమర్ కేర్‌లో అమ్మాయి నమ్మలేదు. "వాన వల్ల కావచ్చు మేడం" అంది. "తల్లీ, వానొస్తే మంచిగనే ఉంటాంది, ఎండ కొడితెనే పోతాంది" అని మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి అరిచాను. అరవడం నాకు కొత్త కాదు. నా గొంతు లేవందే మా ఇంట్లో తెల్లారదని మా ఆయన ఎకసెక్కమాడేవాడు.

అప్పుడు నల్గొండలో ఒక మేడ మీద కిరాయికి ఉండేవాళ్ళం. మా ఆయన బస్సు కండక్టరు. పగలంతా ఇంట్లో నేనూ, మా అత్తమ్మా. కరోనాలో నేను పనిచేసే బడి మూతపడింది. ఆ తర్వాత ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చొని పిల్లలకు లెక్కలు చెప్పే కొలువు దొరికింది. పది గంటలకు క్లాసు మొదలుపెట్టి, బోర్డు మీద రెండు లెక్కలు చేసేసరికి నెట్టు డబ్బా మీద ఎర్ర లైటు కొట్టుకునేది. నా బొమ్మ నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయేది. క్లాసుల కంపెనీ వాళ్ళు అప్పటికే రెండుసార్లు హెచ్చరించారు. మూడోసారి లైను తెగితే ఇక రావద్దన్నారు. ఆ కొలువు పోతే మళ్ళీ ఏ బడి గుమ్మం ఎక్కాలో నాకు తెలియదు. ఎర్ర లైటు చూస్తే చాలు, ఫోను అందుకునేదాన్ని.

ఫోన్ చేస్తే లైన్‌మేన్ వచ్చేవాడు. నలభై అయిదేళ్ళ మనిషి, మాట తక్కువ. బండి ఆపి, తిన్నగా డాబా ఎక్కేవాడు. రెండంటే రెండు నిమిషాల్లో దిగేవాడు. ఆ పాటికి పచ్చ లైటు వెలిగేది. "ఏమైంది?" అంటే "ఏం లేదు మేడం, తీగ జర వంగింది" అనేవాడు. ఎల్లుండికి మళ్ళీ ఎర్ర లైటే.

ఒకసారి దిగుతూ దిగుతూ, "మేడం, పైన ఒక తాడు కడితె మంచిగుంటది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నెట్టు చూడుమంటె తాడు కడ్తనంటవేంది? ఉరేసుకోనీకా?" అన్నాను. తల దించుకొని వెళ్ళిపోయాడు.

నాకు అనుమానం పట్టుకుంది. సంచిలోంచి ఒక్క పనిముట్టూ తీయకుండా రెండు నిమిషాల్లో ఎట్లా బాగుచేస్తాడు? వీడే వదులు చేసి వీడే బిగిస్తున్నాడు అనుకున్నాను. తర్వాత వచ్చిన రోజు గల్లీలోనే నిలబెట్టి కడిగేశాను. నలుగురూ వాకిళ్ళలోకి వచ్చి చూశారు. అతను ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. అదే దొంగతనానికి రుజువనుకున్నాను. ఆ సాయంత్రమే అతని మీద పెద్ద ఫిర్యాదు రాసి పంపాను. కావాలనే తీగ తెంపుతున్నాడని కూడా రాశాను.

అంతటితో ఆగానా? నెట్టు కంపెనీయే మార్చేద్దామనుకున్నాను. మారడమంటే మాటలా! కొత్తవాళ్ళు "రేపే వచ్చి బిగిస్తం" అన్నారు. ఆ రేపు పన్నెండు రోజులకు వచ్చింది. ఒకరోజు తీగ ఉంది, మనిషి లేడు. ఒకరోజు మనిషి వచ్చాడు, డబ్బా లేదు. ఒకరోజు రెండూ వచ్చాయి గానీ, మా ఇంటి చిరునామా మిర్యాలగూడలో చూపిస్తోందని కింది నుంచే వెళ్ళిపోయారు. పాతవాళ్ళేమో పోనివ్వరు. డబ్బా తెచ్చి ఆఫీసులో ఇమ్మన్నారు. పోతే తాళం. మళ్ళీ పోతే "సారు లంచ్‌కు పోయిండు". ఆ పన్నెండు రోజులూ ఫోను నెట్టుతో, మెట్ల మీద కూర్చొని, కుక్కలు మొరిగితే నోరు మూసుకుంటూ లెక్కలు చెప్పాను.

చివరికి పాత కంపెనీ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. "మీరు కంప్లైంట్ చేసినోన్ని తీసేసినం మేడం. ఇంక మా దగ్గర్నే ఉండుండ్రి" అని బతిమాలాడు. "మంచి పని చేసిండ్రు" అన్నాను. అన్నాను, నిజంగానే అన్నాను. అని, ఫోను పెట్టేసి టీ తాగాను.

కొత్త నెట్టు వచ్చింది. మూడు రోజులు ముసురు పట్టి, నెట్టు బ్రహ్మాండంగా నడిచింది. నాలుగోనాడు ఎండ కాసింది. పదిన్నరకు ఎర్ర లైటు.

కొత్త కంపెనీ, కొత్త తీగ, కొత్త డబ్బా, మళ్ళీ అదే ఎర్ర లైటు! మోకాళ్ళ నొప్పి పేరు చెప్పి ఏనాడూ డాబా ఎక్కని దాన్ని, ఆ రోజు రెండేసి మెట్లు ఎక్కుతూ పోయాను.

స్తంభం నుంచి వచ్చిన తీగలు రెండూ డాబా మీదుగా నిలువెత్తున సాగి మెట్ల గది గోడలోకి పోతున్నాయి. పాత తీగ మీద చీరలు ఆరుతున్నాయి. కొత్త తీగ మీద మా అత్తమ్మ గొంగడి. దేవరకొండ దిక్కు గొర్రెలు కాసిన ఇంటి గొంగడి, తడవకపోయినా ఇంత బరువు. దాని కింద తీగ విల్లులాగా వంగి, గోడ దగ్గర పుటుక్కుమనేలా మడత పడి ఉంది. గొంగడి పక్కన అత్తమ్మ నిలబడి ఉంది. నన్ను చూడగానే ఆమె ముఖంలో నెత్తురు ఇంకిపోయింది.

"ఓ అత్తమ్మా! ఎన్ని దినాల సంది ఏస్తున్నవ్ దీని మీద?"

"ఎండకెయ్యకపోతె పురుగు పడ్తది బిడ్డా. దండెం కట్టుమని అడిగితి గద. మిషిన్ల ఆరుతయి, దండెమెందుకంటివి." గొంగడి అంచు పట్టుకొని గుంజబోయింది. "గా తీగలాయన చెప్పిండు, అవ్వా దీని మీద ఎయ్యకు, లోపల గాజు పోగుంటది, వంగితె నెట్టు పోతదని. కోడలికి చెప్పకు కొడుకా అని నేనే కాళ్ళు పట్టుకున్న. కొన్నొద్దులు గోడ మీదేసిన. కోతులు గుంజుకపోబట్టినయి. ఇది కొత్త తీగ గద, గట్టిగుంటదనుకున్న."

నేను అక్కడే నీళ్ళ ట్యాంకు పక్కన కూలబడ్డాను. కింద క్లాసులో పిల్లలు ఎదురు చూస్తున్నారన్న సంగతి కూడా మరిచిపోయాను. తాడు కడతానన్నాడు. ఉరేసుకోనీకా అన్నాను. మంచి పని చేశారన్నాను. నేనేం మనిషిని?

ఇదే ఆఖరుసారని క్లాసుల కంపెనీ వాళ్ళను బతిమాలుకొని, మర్నాడు సెలవు పెట్టి పాత నెట్టు కంపెనీ ఆఫీసుకు పోయాను. తప్పు నాదని, మా ఇంట్లోదని రాసిచ్చాను. చూస్తామన్నారు. అతను నార్కట్‌పల్లి దగ్గర హైవే హోటల్లో బండ్లు నిలబెట్టే పని చేస్తున్నాడని అక్కడే ఎవరో చెప్పారు. బస్సెక్కి పోయాను. మెడలో విజిల్, చేతిలో ఎర్ర గుడ్డ. నన్ను చూసి అలవాటుగా తల దించుకున్నాడు.

"అన్నా, తప్పైంది" అన్నాను. "రాసిచ్చిన. మళ్ళ తీసుకుంటరేమో."

"తీసుకోరు మేడం. ఆ ఏరియాకు వేరెటాయన వచ్చిండు" అన్నాడు, ఒక కారుకు చెయ్యి ఊపుతూ.

"నాకు ఒక్కమాట చెప్తె ఏం పోయేది? గల్లీల గంతగనం తిట్టిన గద, అప్పుడన్న చెప్పకపోతివి?"

అతను విజిల్ నోటిదాకా తెచ్చి ఆగాడు. "నన్ను తిడ్తె నేను ఇంటికి పోత మేడం. అవ్వను తిడ్తె అవ్వ యాడికి పోతది?"

వెనక ఇంకో కారు హారన్ కొట్టింది, అతను అటు పరిగెత్తాడు.

ఇంటికి వచ్చేసరికి నాలుగయింది. తలుపు తెరిచే ఉంది. అత్తమ్మ మంచం మీద కూర్చొని టీవీ చూస్తోంది. నా చెప్పుల చప్పుడు వినగానే టీవీ ఆపి, కొంగు సర్దుకొని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి నిలబడింది.

"ఎందుకు లేసినవ్ అత్తమ్మా?"

"నువ్వొచ్చినప్పుడల్ల లేస్త గద బిడ్డా" అంది.

ఆమె మా ఇంటికి వచ్చి అప్పటికి నాలుగేళ్ళు.