మూగ వేషం, రాగి ముద్ద

నాటకాన్ని పాడుచేసినవాళ్లు లోకంలో చాలామందే ఉంటారు. కొందరు మాట మరిచిపోయి పాడుచేస్తారు, కొందరు మీసం ఊడిపోయి పాడుచేస్తారు. ఒక్క మాట కూడా లేని వేషం వేసి, మాట్లాడి నాటకాన్ని తలకిందులు చేసినవాణ్ణి మాత్రం హిందూపురం నుంచి ధర్మవరం దాకా నేనొక్కణ్ణే. ఆ ఘనత ఇంకెవరికీ పంచివ్వను. ఎట్లా జరిగిందో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నాకేం చిన్నతనం లేదు.

హిందూపురంలో మాది స్టీలు సామాన్ల అంగడి. అప్పటికి నాకు ముప్పై దాటి రెండు మూడేళ్లు. గరిట కొనడానికి వచ్చినామెకు గరిట పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పి పంపేవాణ్ణి. ఆమె ఇల్లు చేరేసరికి పొయ్యి మీద పులుసు ఇగిరి, గిన్నె మాడి, కొత్త గిన్నె కోసం మళ్లీ మా అంగడికే వచ్చేది. అంతటి మాటకారికి మా నరసింహులు సార్ మూగవాడి వేషం ఇచ్చాడు.

"ఇదేం న్యాయం సార్?" అన్నాను.

"నీకు మాటలిస్తే నేను రాయనివన్నీ మాట్లాడతావప్పా. నోరు మూసుకోని ఆకలి చూపించు, చాలు" అన్నాడు.

సార్ రిటైరైన అయ్యవారు. మా నాటకాలన్నీ ఆయనే రాసి, ఆయనే నేర్పేవాడు. పెనుకొండలో ఏటా జరిగే హాస్య నాటికల పోటీలో వరసగా నాలుగేళ్లు ధర్మవరం వాళ్లే షీల్డు ఎత్తుకుపోయారు. సార్‌కు మోకాళ్లు పోతున్నాయి. అదే తన ఆఖరి నాటిక అని ముందే చెప్పేశాడు. "ఆ షీల్డును ఒక్కసారి చేత్తో పట్టుకోవాలని ఉండాది" అని ఆయన మెల్లగా అన్నప్పుడు, "పట్టిస్తా సార్!" అని తొడ కొట్టింది కూడా నేనే.

కథ చిన్నది. ఆకలితో నకనకలాడే ఇద్దరు బిచ్చగాళ్లు. ఒకడు మూగవాడిలా నటిస్తాడు, రెండోవాడు వాడి సైగలకు అర్థం చెబుతూ పిసినారి ఇల్లాలి దగ్గర ముద్దలు కాజేస్తాడు. మూగవాణ్ణి నేను. అర్థం చెప్పేవాడు టైలర్ గంగాధర్. ఇల్లాలు మా ఆవిడ రత్న. రత్నది ధర్మవరం. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, నేను పెట్టుకున్నాను.

ఆకలి చూపించమన్నాడు కదా సార్? నటించడమెందుకు, ఆకలినే తెచ్చుకుంటే పోలేదా అనిపించింది. ఇట్లాంటి ఆలోచనలు గొప్ప కళాకారులకూ, పరమ మూర్ఖులకూ మాత్రమే వస్తాయి. పోటీకి ముందురోజు పొద్దున నుంచి మంచినీళ్లు తప్ప ముట్టలేదు.

"ఒక దోసెన్నా తినుప్పా, మొగం దెయ్యం మాదిరి ఉండాది" అంది రత్న.

"అదే కావాల్సింది!" అన్నాను గర్వంగా.

బస్సులో పక్క సీటాయన చెనక్కాయలు ఒలుచుకుని తింటుంటే, ఆయన నమిలిన ప్రతి గింజకూ నా దవడ ఆడింది. పెనుకొండ చేరేసరికి ఆ కొండ నాకు కొండలా కనిపించలేదు. దేవుడు కంచంలో బోర్లించిన రాగి ముద్దలా కనిపించింది. కోట గోడ, దాని చుట్టూ పోసిన పులుసు.

మధ్యాహ్నం మా వంతు వచ్చింది. కంచంలోకి మట్టితో చేసిన ముద్దలు చాలన్నాడు సార్. రత్న ఒప్పుకోలేదు. "నా చేత్తో మట్టి వడ్డిస్తే మా ఊరోళ్లు నవ్వుతారు" అని నిజం ముద్దలూ, అనపగింజల పులుసూ వండి క్యారియర్‌లో తెచ్చింది. తెర లేచింది. పులుసు వాసన నా ముక్కులో దూరి అరికాళ్ల దాకా పాకింది.

గంగాధర్ ఎత్తుకున్నాడు. "తల్లీ! వీడు పుట్టు మూగోడు. వీని కడుపులో మాట నాకొక్కనికే తెలుస్తాది."

"అట్లయితే నువ్వు యాలప్పా కంచం చాపుతాండావు?"

"అర్థం చెప్పేటోనికి అర ముద్దన్నా పెట్టల్ల గదా తల్లీ!"

జనం నవ్వారు. రత్న ముద్ద తెచ్చి నా ముందు నిలబడి, "పెట్టేదా?" అంది. నేను కడుపు తట్టుకుని తల ఊపాలి. సార్ నేర్పింది అంతే. కానీ నా ఆకలి ఒక్క ముద్దతో తీరేది కాదు. ఐదు కావాలి. అందుకని ఐదు వేళ్లూ చాపి, బాగా కనబడాలని చెయ్యి కంచం మీదికి తెచ్చి చూపించాను.

కంచం మీద చెయ్యి అడ్డం పెడితే మన ఇళ్లల్లో అర్థమేమిటో నేను మీకు చెప్పాలా? చాలు తల్లీ, ఇంక వద్దు అని!

"వద్దా? కడుపు నిండినట్లుండాది పాపం" అని రత్న ఆ ముద్దను గంగాధర్ కంచంలో పెట్టేసింది. పొద్దున ఆరు ఇడ్లీలు తిన్న గంగాధర్ కంచంలో! నేను చేతులు ఊపాను, కాళ్లు ఊపాను, గాలిమరలా తిరిగాను.

"ఏమంటాడప్పా?" అంది రత్న.

గంగాధర్ ముద్ద తుంచుతూ, "నా వంతు కూడా నువ్వే తినప్పా అంటాండాడు తల్లీ! మారాజు మనసు!" అన్నాడు.

అంతే, ఒకటిన్నర రోజుల ఆకలి నోటికొచ్చింది. "ఏమే రత్నా! నా ముద్ద వానికి పెడ్తావేమే? నిన్న పొద్దున్నించీ తిన్లేదని నీకు తెల్దా? మీ ధర్మవరమోళ్లతో కుమ్మక్కయితివా?"

ముందు వరసలో ఒక అవ్వ చెంపలు వాయించుకుంటూ, "అయ్యో సామీ, మూగోనికి మాటొచ్చె!" అంది. పక్క తెర వెనక సార్ తల పట్టుకుని కూలబడడం కనిపించింది. ఆయన చేతికి అందాల్సిన షీల్డును నా నోటితో నేనే ధర్మవరానికి మోసి ఇచ్చేశాను.

రత్న మాత్రం నడుమున చెయ్యి పెట్టుకుంది. "మాటొస్తే వచ్చె. నా పేరు యాడ నేర్చుకుంటివప్పా?"

దీనికి జవాబు చెప్పాల్సింది గంగాధర్. వాడేమో ఇంత ముద్ద ఒక్కసారే మింగబోయాడు, అది గొంతులో కూర్చుంది. కళ్లు తేలేసి, చేతులతో సైగలు మొదలుపెట్టాడు. ఇప్పుడు మూగోడు వాడు! నాలో మెరుపు మెరిసింది.

"తల్లీ, వీడేమంటాడంటే" అని అందుకున్నాను, "నీ పులుసు వాసనకు నా మూగతనం వీనికి, వీని మాట నాకు వచ్చిందంట. నీ పేరు పులుసే చెప్పిందంట. ఇంగ ముద్ద తింటే నాకు పాటొస్తాదంట!"

"పాట వద్దు నాయనా, నీకు దండం పెడ్తా! ముద్ద తిని నోరు మూసుకో" అని రత్న కంచంలో ముద్ద పెట్టింది. జనం లేచి ఈలలు వేశారు. తెర సగం పడి ఇరుక్కుంది. నేను ఐదు ముద్దలూ మింగేదాకా ఎవరూ కదల్లేదు.

షీల్డు హిందూపురానికే వచ్చింది! మూగవాడు మాటకారి కావడం, మాటకారి మూగవాడు కావడం రచయిత అద్భుత కల్పన అని న్యాయనిర్ణేతలు సార్‌ను పొగిడారు. సార్ షీల్డును రెండు చేతులా గుండెకు హత్తుకుని, నా చెవిలో, "ఒక్క ముక్క నేను రాసింది లేదు గదరా!" అన్నాడు. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది, ఇప్పటికీ తగ్గలేదు.

తర్వాత మైకులో ఇంకో ప్రకటన వినిపించింది. "ఉత్తమ వాచికాభినయం, అంటే మాటల్లో మేటి నటనకు బహుమతి... మూగ బిచ్చగాడికి!"

కాబట్టి పెద్దలందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ప్రాణం పోయినా ఇంకెప్పుడూ మూగ వేషం వెయ్యను. వేశానంటే ఈసారి ఉత్తమ గాయకుడి బహుమతి కూడా నాకే ఇచ్చేస్తారు. పాపం, పాటలు పాడుకునేవాళ్ల కడుపు కొట్టడం నాకిష్టం లేదు.