టైటిల్ బ్లాక్‌లో రెండో గడి

2009. ఐర్లండ్‌లోని షానన్ ఫ్రీజోన్ పారిశ్రామికవాడలో, జర్మన్ యజమానుల కంపెనీలో పనిచేసేదాన్ని. ఆసుపత్రి పంపులకు ప్లాస్టిక్ భాగాలు డిజైన్ చేయడం నా పని. మాంద్యం దెబ్బకు చుట్టుపక్కల కంపెనీలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి.

ఒక ఉదయం మా మేనేజర్ డెక్లన్ జర్మనీ నుంచి వచ్చిన ఉద్యోగుల జాబితా చూపించాడు. నా పేరు పక్కన 'టెక్నిషె త్సైష్నెరిన్' అని ఉంది. డ్రాయింగులు గీసే మహిళ అని అర్థం. డిజైన్ చేసే మహిళ అయితే 'కన్‌స్ట్రుక్ట్యోరిన్'. గీసేవాళ్లందరినీ తీసేస్తున్నారు. నా వర్క్ పర్మిట్ ఆ ఉద్యోగానికే ముడిపడి ఉంది.

"నేను గీసేదాన్నా డెక్లన్?"

"కాదని నాకు తెలుసు. వాళ్లు డ్రాయింగులు చూసి రాశారు."

ప్రతి డ్రాయింగుకూ అడుగున టైటిల్ బ్లాక్ ఉంటుంది. గీసిందెవరు, డిజైన్ చేసిందెవరు అని రెండు గడులు. నాలుగేళ్లుగా మొదటి గడిలో నా పేరు, రెండో గడిలో డెక్లన్ పేరు రాస్తూ వచ్చాను. ఎవరూ రాయమనలేదు. పై అధికారి ఉండగా మన పేరేమిటని, హైదరాబాద్ ఆఫీసులో అబ్బిన మర్యాద. ఆ మర్యాదే నా కొంప ముంచింది. నా మీద నాకే ఒళ్లు మండింది.

జాబితా ఖాయం చేయడానికి ఆ వారమే ఉర్సులా అనే సీనియర్ డిజైనర్ జర్మనీ నుంచి వచ్చింది. నా లెక్కల నోటుపుస్తకాలు ఆరూ చంకన పెట్టుకుని, పిలవకుండానే మీటింగు రూములోకి వెళ్లాను. డెక్లన్ అక్కడే ఉన్నాడు.

ఆవిడ ఒక వాల్వ్ మూత డ్రాయింగు ముందుకు తోసింది. "ఈ మూల ఇంత గుండ్రంగా ఎందుకు?"

"పదునుగా ఉంటే అక్కడే పగులుతోంది. మూడు మూతలు పగలగొట్టి చూశాను," అని ఆ పేజీ తెరిచాను.

"మరి ఇక్కడ డెక్లన్ పేరుందేం?"

"మర్యాదకి రాశాను."

"రేపు ఈ మూత పగిలితే నేనెవరిని అడగాలి? మర్యాదనా?"

డెక్లన్ గొంతు సవరించుకున్నాడు. "ఆమె రాసింది, నేను చూసీ ఊరుకున్నాను. ఆ డిజైన్లన్నీ ఆమెవే."

తన పేరు మీద డిజైన్లేవీ మిగలవని, ఆ మాటతో తన కుర్చీ కదులుతుందని అతనికి తెలుసు.

శుక్రవారంలోగా డ్రాయింగులన్నీ సరిచేసి ఇవ్వమంది ఉర్సులా. ఒక్కొక్కటీ తెరిచి రెండో గడిలో అతని పేరు తీసి నా పేరు వేశాను. ఉద్యోగంలో మిగిలేవాళ్ల కొత్త జాబితాలో నేను కన్‌స్ట్రుక్ట్యోరిన్‌ని. డెక్లన్ పేరు మాత్రం లేదు.

వెళ్లిపోయే రోజు నేను ఏడుస్తుంటే, "గ్రాండ్, గ్రాండ్. ఆ పేరు నేనే ఎప్పుడో తీయించాల్సింది," అన్నాడు. ఏం ఫరవాలేదు అనడానికి అక్కడివాళ్లు 'గ్రాండ్' అంటారు.

ఇప్పుడు నా కింద పనిచేసే అమ్మాయి ఎవరైనా రెండో గడిలో నా పేరు రాస్తే, ఆ డ్రాయింగు మీద సంతకం పెట్టను. తిప్పి పంపేస్తాను.