మా యజమాని బస్సు తోలిన రోజు

పంతొమ్మిది వందల యాభైలలో, కడప నుంచి రాయచోటికి నడిచే ఒక ప్రైవేటు బస్సులో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. పేరుకు మేనేజర్ని. టికెట్లు ఇవ్వడం, మూటలు టాపు మీదికి ఎక్కించడం, సీటు దొరకనివాళ్ల తిట్లు తినడం అన్నీ నా పనే. మా యజమానికి ఉన్నది ఆ ఒక్క బస్సే. డ్రైవరూ ఒక్కడే. అందుకని బస్సుకు సెలవు లేదు, డ్రైవరుకు లేదు, నాకూ లేదు.

డ్రైవరు నడివయసు ముస్లిం. నేను ఆయన్ని భాయ్ అని పిలిచేవాణ్ణి. గువ్వలచెరువు ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజను కాగిపోయి ఆవిరి చిమ్మేది. నీళ్లు పోసి, చల్లారేదాకా ఆగాల్సిందే. ఆలస్యంగా దిగిన వ్యాపారులు యజమానిమీద విరుచుకుపడేవాళ్లు. ఆయన నన్ను తిట్టేవాడు. నేను భాయ్‌ని విసుక్కునేవాణ్ణి. భాయ్ మాత్రం ఎవరినీ ఏమీ అనేవాడు కాదు.

ఒక ఎండాకాలం ఆయన కూతురి పెళ్లి కుదిరింది. సరిగ్గా సంత రోజున.

"ఆ పొద్దు నేను రాలేనప్పా. సావుకారికి నువ్వే చెప్పు" అన్నాడు.

చెప్పాను. యజమాని మొహం చిట్లించాడు. "సంత పొద్దు బండి నిలిపితే జనం ఊరుకుంటారా? యాడన్నా ఇంకో డ్రైవర్ని చూడు."

ఊరంతా తిరిగాను. ఆ పాత బండితో ఘాటు ఎక్కడానికి ఎవరూ ఒప్పుకోలేదు. వచ్చి ఆ సంగతి యజమానికి చెప్పాను. పెళ్లి ఇంటినుంచి భాయ్‌ని పిలుచుకు రమ్మంటాడేమోనని నాకు గుబులు.

చివరికి, "నేనే తోల్తా. ఒకప్పుడు లారీ తోలినోణ్ణే గదా" అన్నాడు.

సంత రోజు పంచె ఎగ్గట్టి స్టీరింగు ముందు కూర్చున్నాడు. టైముకు చేరాలన్న పట్టుదలతో ఘాటులో ఎక్కడా ఆపలేదు. సగం ఎక్కాక ఇంజను ఆగిపోయింది. జనం దిగి చక్రాల వెనక రాళ్లు పెట్టారు. నిప్పులాంటి ఎండ. ఆయన బకెట్టు పట్టుకుని వాగువైపు నడుస్తుంటే, కోళ్లబుట్టతో దిగిన ఒక ముసలమ్మ అడ్డు తగిలింది.

"ఏమప్పా, ఇంత లేటు చేస్తాండావు? మీ సావుకారికి చెప్తా ఉండు!"

ఆమెకు ఆయనెవరో తెలియదు. ఆయనే యజమాని అని నేను చెప్పబోయాను.

"చెప్పమ్మా. శానా గట్టిగా తిట్టమను" అన్నాడాయన, నవ్వు ఆపుకోలేక.

రాయచోటి పోయి సాయంత్రం తిరిగి కడప చేరాక, దుమ్ము కూడా దులుపుకోకుండా నేరుగా పెళ్లి ఇంటికి నడిచాడు. నేను వెంట వెళ్లాను. భాయ్ ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. స్టీరింగు పట్టిన యజమాని అరచేతుల నిండా బొబ్బలు చూసి భాయ్ కళ్లు చెమ్మగిల్లాయి.

"దినామూ ఎట్ల ఎక్కుతాండావప్పా ఆ ఘాటు?" అన్నాడు యజమాని.

"అదంతా రేపు మాట్లాడుకుందాం. ముందు తీపి తినండి సావుకారీ" అంటూ భాయ్ ఆయన్ని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బొబ్బల చేత్తో అన్నం కలపలేడని, ఆయనకు చెంచా తెప్పించాడు.

ఆ తర్వాత ఘాటులో ఆగేందుకు వీలుగా బస్సు వేళలు మారాయి. వానలు మొదలయ్యేలోపు రాయచోటినుంచి రెండో డ్రైవరూ వచ్చాడు. భాయ్‌కి శుక్రవారం సెలవు, నాకు ఆదివారం. ఆ రోజు టికెట్ల పని యజమానే చూసుకునేవాడు. నా మొదటి ఆదివారం పొద్దున తలంటుకున్నాను, కడుపునిండా తిన్నాను, పడుకున్నాను. నిద్ర పట్టలేదు. లేచి బస్టాండుకు పోయి, మా బస్సు వచ్చేదాకా టీ తాగుతూ కూర్చున్నాను.