నా వేళ్లతో పెట్టిన గాట్లు

ఒక వెదురు కర్ర ఎంత బరువుంటుంది? పసిపిల్లలు కూడా ఎత్తుతారు. అలాంటి కర్రనే ఇన్నేళ్లుగా మోస్తున్నాను, దించే చోటు దొరకక. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే మళ్లీ మాట మింగేస్తాను.

మాది ఎల్లారెడ్డి. చదువు పెద్దగా అబ్బలేదు కానీ నా జ్ఞాపకం గట్టిది. ఎవరి పెళ్లిలో ఏం కూర వండారో, ఎవరి బర్రె ఎప్పుడు ఈనిందో వాడకట్టంతా నన్నే అడిగేది. కథలూ అంతే, ఒకసారి వింటే చాలు. ఆ జ్ఞాపకమే నన్ను ముంచింది. కాదు, జ్ఞాపకం కాదు. ఏది ముంచిందో ఇప్పటికీ తేలడం లేదు. జరిగింది చెబుతాను, మీరే చూడండి.

మాకో లారీ ఉండేది. చుట్టుపక్కల కల్లాల్లో వడ్ల బస్తాలు ఎత్తి కామారెడ్డి మిల్లులో దించడం దాని పని. బండి మా ఆయనది, తోలేది యాదగిరి. సదాశివనగర్ మనిషి, భార్యాపిల్లలు అక్కడే. మా ఆయనను అన్నా అని, నన్ను వదినా అని పిలిచేవాడు. మా వాకిట్లోనే తినేవాడు. తింటూ కథ చెప్పమనేవాడు. కథ సగంలో ఉంటే కంచం ముందు నుంచి లేచేవాడు కాదు. మా ఆయన బయట నుంచి కేకలేస్తుంటే, తొందరగా రాజును ఇల్లు చేర్చు వదినా అని నవ్వేవాడు.

ఆ బండిలో డీజిల్ చూపించే ముల్లు ఎప్పుడో పాడైంది. దాని బదులు ఒక వెదురు కర్ర ఉండేది. ట్యాంకు మూత తీసి కర్ర ముంచితే, ఎంతవరకు తడిస్తే అంత డీజిల్ ఉన్నట్టు. కర్ర మీద నాలుగు వేళ్ల వెడల్పుకు ఒక గాటు చొప్పున మా ఆయనే తన చేత్తో కొలిచి పెట్టాడు. మొదట్లో దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. డీజిల్ ధర పెరుగుతూ పోయింది. ట్యాంకు నిండా పోయించడం మానేశాం. కిరాయి పెంచమంటే మిల్లు సేటు వినేవాడు కాదు. అప్పటి నుంచి మా ఆయన బండి కదిలే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి కర్ర ముంచి చూడడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఆ కర్ర చెప్పిందే మాట.

ఒకసారి ముసురు పట్టింది. పుల్లలన్నీ తడిసిపోయి నీళ్ల పొయ్యి అంటుకోలేదు. చూరు కింద గోడకు ఆనించి ఉన్న కట్టెల్లోంచి చేతికందిన ఎండు పుల్ల విరిచి పెట్టాను. భగ్గున లేచింది మంట. నల్లటి పొగ, డీజిల్ వాసన. అప్పుడు తెలిసింది, బండి కడిగి యాదగిరి అక్కడ ఆరబెట్టిన కర్ర అది అని. తీసేలోపే గాట్లు కాలిపోయాయి.

చెబితే ఏమయ్యేది? మా ఆయన తిట్టేవాడు. అంతే కదా? ఆ తిట్లకే భయపడ్డానా? లేక నా జ్ఞాపకం మీద నాకున్న పొగరా? పెరట్లో అలాంటి వెదురు ఇంకోటి ఉంది. పొడవు గుర్తుంది, గాట్లు ఎక్కడ మొదలవుతాయో గుర్తుంది, నాలుగు వేళ్లకు ఒకటి అని గుర్తుంది. కత్తితో పెట్టేశాను. పాతదిలా కనపడాలని మసి పూసి, డీజిల్ గుడ్డతో రుద్దాను. మర్నాడు యాదగిరి దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. సీటు వెనక పెట్టుకున్నాడు.

కొన్నాళ్లకు మా ఆయన యాదగిరిని బండి ముందు నిలబెట్టాడు. నేను వాకిట్లో చాట పట్టుకుని ఉన్నాను.

"కామారెడ్డి పొయ్యొస్తే మూడు గాట్లు దిగేది. ఇప్పుడు నాలుగెట్ల దిగుతున్నయ్? రోడ్డు గిట్ల సాగిందా?"

"నాకు సుత సమజైతలేదన్నా. ఇంజన్ తాగుతుందేమో చూపిద్దాం."

"ఇంజన్ తాగుతుందా, నువ్వు తాపిస్తున్నవా? డీజిల్ గిట్ల మండవట్టె. కిరాయి పెంచుమంటే సేటు ఇంకో బండి చూసుకుంటనంటడు. నడుమ నేనేం గావాలె?"

"అన్నా, మాట మంచిగ రానీ. చుక్క ముట్టలేదు నేను."

మా ఆయన కర్రను బండి మెట్టు మీద పెట్టి, దాని మీద చెయ్యి ఆనించాడు. నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆయన నాలుగు వేళ్లు ఒక గాటుకూ ఇంకో గాటుకూ మధ్య పట్టడం లేదు. మొద్దు వేళ్లు, పక్క గాటు మీదికి వచ్చాయి. నా వేళ్లు సన్నం. నేను నా వేళ్లతో కొలిచాను. గాట్లు దగ్గరైపోయాయి. అదే డీజిల్, ఎక్కువ గాట్లు. పోసినప్పుడు కూడా గాట్లు ఎక్కువే లేచి ఉంటాయి. లేచింది ఎవరు చూస్తారు? దిగిందే చూస్తారు. మా ఆయన కర్రను చూడలేదు, యాదగిరి ముఖాన్ని చూస్తున్నాడు.

యాదగిరి నా వైపు తిరిగాడు.

"వదినా, నువ్వన్న చెప్పు. నీ చేతి బువ్వ తిన్నోన్ని. నేను గసొంటోన్నా?"

చాట నా చేతిలోనే ఉంది. నోట్లో మాట కూడా ఉంది. వచ్చింది మాత్రం ఇంకోటి.

"బండి ముచ్చట్లు నాకేమెరుక యాదగిరీ. మీరు మీరే చూసుకోండ్రి."

యాదగిరి కర్ర వైపు చూశాడు, నా వైపు చూశాడు. తాళం చెవి మెట్టు మీద పెట్టాడు.

"మంచిది వదినా. కథ సగంల ఉన్నది, మర్వకు" అని వెళ్లిపోయాడు.

ఆ చూపు నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కాదు. కర్ర మారిందని యాదగిరికి తెలుసా? రోజూ పట్టుకునే కర్ర మారితే చేతికి తెలియదా? తెలిస్తే ఎందుకు చెప్పలేదు? నేనే చెబుతానని చూశాడా? లేక అతనూ కొంచెం డీజిల్ తీసేవాడేమో అని ఒక్కోసారి అనుకుంటాను. అలా అనుకోగానే సిగ్గు వేస్తుంది. నిజంగా అనుమానమా అది, నన్ను నేను కాపాడుకోవడమా?

తర్వాత మా ఆయనే తోలాడు. అప్పుడూ నాలుగు గాట్లే దిగాయి. ఇక తెలుసుకుంటాడనుకున్నాను. ఆయన మాత్రం, పోతూ పోతూ ఇంజన్ సుత ఖరాబు చేసిండు వాడు, అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? కూర వడ్డించాను. నా పాపం ఒకటి అనుకుంటారేమో, రెండు. గాట్లు తప్పు పెట్టినప్పుడు తెలియక చేశాను. నోరు మూసుకున్న రెండుసార్లూ తెలిసే చేశాను.

కామారెడ్డిలో లారీలు ఆగే చోట డీజిల్ దొంగ అన్న పేరు యాదగిరి కంటే ముందే చేరింది. అంత ధరలో అలాంటి పేరున్నవాడికి తాళం ఎవరిస్తారు? పెద్దకొడప్‌గల్ వైపు ఎవరిదో ట్రాక్టర్ కూలికి తోలుతున్నాడని విన్నాను. మా బండీ నిలవలేదు. కిరాయి డీజిల్‌కే సరిపోక అమ్మేశాం. ధర పెరగకపోతే ఆ కర్రను ఎవరూ లెక్కచేసేవారు కాదు, యాదగిరి మా వాకిట్లోనే తింటూ ఉండేవాడు. ఇలా అనుకుంటే కాస్త ఊపిరాడుతుంది. కానీ యాదగిరి ఆ రోజు అడిగింది డీజిల్ ధరను కాదు, నన్ను.

ఈ మధ్య ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర షేర్ ఆటోలో కూర్చుని కనిపించాడు. జుట్టు నెరిసింది. నాలుగడుగులు వేస్తే చేరుకునేదాన్ని. కొంగు తల మీదికి లాక్కుని బస్సు చాటుకు వెళ్లాను, ఆటో పోయేదాకా.

ఆ సగం కథ మళ్లీ ఎవరికీ చెప్పలేదు. పిల్లలు అడిగితే మర్చిపోయానంటాను. నేను మర్చిపోవడం ఏమిటని నవ్వుతారు.

కర్ర ఇంకా ఇంట్లోనే ఉంది, పందిరి తీగకు ఊతంగా. ఇందాక వెళ్లి నా చెయ్యి పెట్టి చూశాను. నాలుగు వేళ్లూ గాటుకూ గాటుకూ మధ్య సరిగ్గా కూర్చున్నాయి. మా ఆయనకు చెబుతానా, యాదగిరి దగ్గరకు వెళతానా, తెలియదు. ఇది మాత్రం తెలుసు. ఆ కర్ర కాల్చింది నేను. కొత్తది చేసింది నేను. గాట్లు నా వేళ్లవి. ఆ మూడు మాటలూ ఇప్పుడు నా ఒక్కదాని దగ్గరే లేవు, మీ దగ్గరా ఉన్నాయి.