మేబెల్‌కి కట్టిన దండ

మాన్‌స్టర్ ట్రక్కు ఎప్పుడూ చూడని వాళ్ళకి ముందుగా ఒక మాట. మామూలు పికప్ బండి కింద మనిషెత్తు చక్రాలు బిగించి, వరసగా నిలబెట్టిన పాత కార్ల మీదుగా నడిపిస్తారు. కార్లు అప్పడాల్లా నలుగుతాయి, జనం చప్పట్లు కొడతారు. పందెమైతే పక్కపక్కనే రెండు వరసలు, ముందు దాటి దిగిన బండిది గెలుపు. ఆట అంతే. అలాంటి బండి ఒకసారి కదిలిందంటే గోడ అడ్డొచ్చినా ఆగదంటారు. నేను ప్లాస్టిక్ బంతిపూల దండతో ఆపాను. అది కూడా ఊరంతా చూస్తుండగా, ఒక పెద్దాయన ఆఖరి పందెం నడిమధ్యలో.

నిజానికి నేను ఎవరి దారికీ అడ్డు రాని మనిషిని. లిఫ్టులో ఎవరైనా ఉంటే తర్వాతి లిఫ్టు ఎక్కుతాను. క్లాసులో సందేహం వస్తే ప్రొఫెసర్ని అడగకుండా లైబ్రరీలో రెండు గంటలు వెతుక్కుంటాను. అడగవలసిన ప్రశ్నలన్నీ ఇంటికొచ్చి డైరీలో అడుగుతాను. డైరీ ఎన్నడూ విసుక్కోలేదు, జవాబూ చెప్పలేదు.

ఎమ్మెస్ కోసం అమెరికాలో ప్లేనో అనే ఊరికి వచ్చిన కొత్తల్లో నాకు డ్రైవింగ్ రాదు. అక్కడ కారు లేకపోతే ఉప్పు ప్యాకెట్ కూడా ఇంటికి రాదు. నా రూమ్మేట్ శ్రావణిది వరంగల్. నన్ను కొన్నాళ్ళు తిప్పి తిప్పి, ఒకరోజు పార్కింగ్ లాట్‌లోనే తాళాలు నా చేతిలో పెట్టింది. "ఇగ నేను నీ డ్రైవర్‌ను కాదే. రేపటి సంది తాత దగ్గరికి పో" అంది.

తాత అంటే వేన్. శ్రావణికి కారు నేర్పిన ఆయనే. డెబ్బై ఏళ్ళుంటాయి, నెత్తిన ఎండకి వెలిసిన టోపీ. నా పేరు మాధవి అని చెబితే, ఒకసారి ప్రయత్నించి, మ్యాడీ అని తేల్చేశాడు. ఆయన పాఠం చాలా వింతగా ఉండేది. చేత్తో కార్లను ఎలా కాపాడుకోవాలో చూపిస్తూ, నోటితో కార్లను తాను ఎలా తొక్కించేవాడో చెప్పేవాడు. "స్టాప్ సైన్ దగ్గర పూర్తిగా ఆగాలి" అని ఆపించి, ఆగినంతసేపూ ఆ రోజుల గురించి మాట్లాడేవాడు. వెనక ఎవరో హారన్ కొడితే గానీ మేము కదిలేవాళ్ళం కాదు.

ఆ రోజులంటే మాన్‌స్టర్ ట్రక్కుల తొలిరోజులు. అప్పట్లో ఇవి కంపెనీల్లో తయారయ్యేవి కావట. ఎవరి షెడ్డులో వాళ్ళే కట్టుకునేవాళ్ళు. పొలాల్లో ఎరువు చల్లే యంత్రాల చక్రాలు, మిలిటరీ లారీల ఇరుసులు, మిగతాది వెల్డింగు. బండి కారు మీదికి మెల్లగా, మోకాళ్ళ నొప్పులున్న బామ్మ మెట్లెక్కినట్టు ఎక్కేది. అంత మాత్రానికే జనం లేచి నిలబడేవారట. "ఇప్పటివి గాల్లో పల్టీలు కొడుతున్నాయి. సర్కస్ కుక్కలు. మావి బండ్లు" అనేవాడు వేన్.

ఆయన బండి పేరు మేబెల్. అది ఆయన అత్తగారి పేరు. ఇద్దరూ ఎవరి మాటా వినరు, ఇద్దరూ చాలా శబ్దం చేస్తారు కాబట్టి ఆ పేరు పెట్టానన్నాడు. మేబెల్‌కి ఒక జబ్బుండేది. ప్రతి పందెంలోనూ కార్ల మీదకి ఎక్కాక ఏదో ఒకటి విరిగో, తెగో, నిండుకునో అక్కడే ఆగిపోయేది. ఆ పక్క వరసలోంచి హాంక్ అనే ఆయన టోపీ ఊపుతూ దిగిపోయేవాడు. అన్నేళ్ళలో వేన్ ఒక్కసారి కూడా హాంక్‌ని ఓడించలేదు.

ఇప్పుడు ఒక కౌంటీ ఫెయిర్ వాళ్ళు, అంటే మన తిరునాళ్ళ లాంటిది జరిపేవాళ్ళు, పాతకాలపు బండ్లకి మాత్రమే ఒక పందెం పెడుతున్నారు. హాంక్ కూడా వస్తున్నాడు. ఆ పందెం కాగానే మేబెల్ అమ్మకం. కొనే ఆయన పాత బండ్లు పోగు చేసుకునే షావుకారు.

"ఒక్కసారి వాడికంటే ముందు దిగాలి, మ్యాడీ. తర్వాత దాన్ని ఎవరు తీసుకెళ్ళినా ఫరవాలేదు" అన్నాడు వేన్, కిటికీలోంచి బయటకి చూస్తూ. ఆ గొంతు విని నేను తిరగాల్సిన చోట తిరగకుండా కారు దిగకుండానే డబ్బు తీసుకునే ఒక బ్యాంకు డ్రైవ్-త్రూ వరసలోకి పోనిచ్చాను. అందులోంచి బయటపడేలోపు ఆయన కొత్త నిబంధనల మీద విసుక్కున్నాడు. ఆ రోజుల్లో లేని సవాలక్ష జాగ్రత్తలు ఇప్పుడు కావాలంటున్నారట. లోపల డ్రైవరుకి ఏమైనా అయితే బయటివాళ్ళు ఇంజిన్ ఆపడానికి బండి వెనక ఒక స్విచ్ కూడా పెట్టించారట. నేను తలాడించాను. స్విచ్ అంటే నా మనసులో ఫ్యాన్ స్విచ్చు మెదిలింది. అంతకంటే ఎక్కువ ఆలోచించే స్థితిలో లేను, ఎదురుగా లెఫ్ట్ టర్న్ ఉంది.

నేను లైసెన్స్ టెస్ట్ పాసయ్యాక వేన్ మా ఇద్దరినీ పందేనికి పిలిచాడు. శ్రావణి వెంటనే పూజ సంగతి ఎత్తింది.

"కొత్త స్కూటీ కొంటేనే నిమ్మకాయలు పెడ్తం. గంత పెద్ద బండి, గంత పెద్ద పందెం. ఉత్తగనే పంపిస్తవా?"

ఆయనకి ఇవన్నీ ఏం తెలుస్తాయని నేను నసిగాను.

"ఆయనకెందుకు తెల్వాలె? దిష్టి తగిలేది బండికి. టైరుకి దేశముంటదా?"

టైరుకి దేశముంటుందో లేదో నాకు తెలియదు కాబట్టి ఊరుకున్నాను. ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి కొబ్బరికాయ, నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు, పసుపు, కుంకుమ, కర్పూరం తెచ్చాం. బంతిపూలు దొరకలేదు. దీపావళికి అమ్ముడుపోకుండా మిగిలిన ప్లాస్టిక్ బంతిపూల దండ ఒకటి మూల వేలాడుతుంటే అదే తీసుకున్నాం. దారం లేకపోతే శ్రావణి డెంటల్ ఫ్లాస్‌తో నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి దండ చివర బిగించింది. "లాగి చూడు, తెగదు" అంది గర్వంగా. నిజమే, తెగలేదు. ఈ కథంతా అది తెగకపోవడం గురించే.

మధ్యాహ్నానికి ఫెయిర్ చేరాం. మేబెల్‌ని అప్పుడే మొదటిసారి చూశాను. నీలం రంగు, నా నెత్తికి సమానంగా చక్రం. వేన్ పూజకి సంతోషంగా ఒప్పుకున్నాడు. అత్తగారికి ఎంత మర్యాద చేసినా తక్కువేనన్నాడు. కానీ శ్రావణి అగ్గిపుల్ల తీయగానే ఆయన మొహం పాలిపోయింది. ఈ బండి తాగేది పెట్రోలు కాదు, మిథనాల్ అనే స్పిరిట్ అట. అంటుకున్నా మంట కంటికి కనిపించదట. అందుచేత అంటించని కర్పూరంతో, నిప్పు లేని హారతి ఇచ్చాం. కొబ్బరికాయ కొట్టడానికి వేన్ సుత్తి తెచ్చిచ్చాడు. చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు ఆవగింజల్లా కనిపించాయి.

దండ బండి ముందు కట్టాలి. అక్కడ నా చెయ్యి అందలేదు. వెనక్కి వెళ్ళమంది శ్రావణి, తను ఫొటోలు తీస్తూ. వెనకంతా ఇనుప గొట్టాలే, అన్నీ నా కంటే ఎత్తులో. ఒక్కటి మాత్రం సరిగ్గా నా చెయ్యి అందే చోట ఉంది. సన్నని కేబుల్ చివర వేలాడుతున్న ఎర్ర రింగు. దండ కట్టుకోవడానికే పెట్టారన్నంత వీలుగా ఉంది. తనిఖీ చేసేవాళ్ళు పొద్దున్నే చూసి వెళ్ళిపోయారు కాబట్టి అడ్డు చెప్పేవాళ్ళు లేరు.

ఇక్కడ కట్టొచ్చా అని అడగాలనిపించింది. నిజంగానే అనిపించింది. కానీ అప్పటికే హాంక్ వచ్చి వేన్‌తో మాట్లాడుతున్నాడు. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరడం నాకు చేతకాదు.

"పూలేంటి, వేన్? ఎవరి పెళ్ళి?" అంటున్నాడు హాంక్.

"పెళ్ళి కాదు, నిన్ను సాగనంపడానికి" అన్నాడు వేన్.

నేను చిన్నప్పుడు జడ రిబ్బనుకి వేసుకునే ముడి రెండుసార్లు వేసి, వచ్చి బెంచీ మీద కూర్చున్నాను.

పందెం మొదలైంది. నిమ్మకాయలు నలిగాయి. మేబెల్ అరుపుకి బెంచీ వణికింది. మొదటి కారు, రెండో కారు, మూడో కారు. హాంక్ బండి ఒక కారు వెనకబడింది. శ్రావణి నా భుజం మీద గుద్దుతోంది. వేన్ అన్నేళ్ళుగా ఎదురుచూసింది ఇప్పుడు జరుగుతోంది. ఇంకొక్క కారు దాటితే దిగడమే.

అప్పుడు మేబెల్ వెనక ఊగుతున్న దండ, నలిగిన కారు కిటికీలోకి దూరింది. చివరనున్న నిమ్మకాయ వంగిపోయిన తలుపు సందులో ఇరుక్కుంది. నిజమైన పూలైతే రాలిపోయేవి, మామూలు దారమైతే తెగిపోయేది. మేబెల్ ముందుకి ఉరికింది. దండ ఉరకలేదు.

ఒక్కసారిగా నిశ్శబ్దం. ఇంట్లో కరెంటు పోయినట్టు. మేబెల్ ఆఖరి కారు మీద ముందు చక్రాలు పెట్టి అలాగే ఉండిపోయింది. పక్క వరసలో హాంక్ దిగిపోయాడు, టోపీ ఊపుతూ.

"ఏమైందే?" అంది శ్రావణి.

నాకు జవాబు కనిపిస్తోంది. కారు కిటికీలోంచి వేలాడుతున్న దండ, దాని రెండో చివర ఊడొచ్చిన ఎర్ర రింగు. వేన్ చెప్పిన స్విచ్ గోడకుండే స్విచ్ కాదని, లాగితే ఇంజిన్ ఆగిపోయే ఈ రింగేనని అప్పుడు అర్థమైంది.

"నువ్వు దండ ఎక్కడ కట్టినవ్?"

"వెనక."

"వెనక ఎక్కడ?"

"ఎర్ర రింగుకి."

శ్రావణి నా వైపు తిరిగింది. "నీది ఇంజనీరింగే కదనే?" అంది నెమ్మదిగా.

"కంప్యూటర్ సైన్స్" అన్నాను.

వేన్ దిగి, దండ విడిపించుకుని, దాన్ని మెడలో వేసుకుని మా దగ్గరికి నడిచొచ్చాడు. అప్పటికి నేను బెంచీ కింద ఎంత చోటుందో చూసుకున్నాను. చాలదు. లేచి నిలబడి, నేనే కట్టానని, అక్కడ కట్టొచ్చో లేదో అడగలేదని చెప్పాను. ఒక్క సెమిస్టర్‌లో క్లాసులో మాట్లాడిన మాటలన్నీ కలిపినా అంత అవ్వవు.

ఆయన దండ చివర నలిగిన నిమ్మకాయని తిప్పి చూశాడు. "ఇది దేనికని చెప్పారు?"

"చెడు దగ్గరికి రాకుండా ఆపడానికి."

"ఆపడం మటుకు బాగా ఆపుతుంది" అని నా పక్కన కూర్చున్నాడు. మేబెల్ వైపే చూస్తున్నాడు. ఆయన తిట్టినా బాగుండేది.

అంతలో హాంక్ వచ్చాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేతులు జేబుల్లో పెట్టుకుని, నేల చూస్తూ, "ఆ పూలు లేకపోతే గెలిచేవాడివి" అన్నాడు.

వేన్ తల తిప్పాడు. "ఏమన్నావు?"

"నువ్వు ముందున్నావన్నాను."

"మళ్ళీ చెప్పు."

హాంక్ మళ్ళీ చెప్పాడు.

"ఈ అమ్మాయిలకి వినబడలేదు."

హాంక్ బెంచీలన్నిటికీ వినబడేలా అరిచి, కోపంగా వెళ్ళిపోయాడు. వేన్ టోపీ తీసి తల నిమురుకున్నాడు. ఇన్నేళ్ళలో మేబెల్ వల్ల కాకుండా ఓడిపోవడం ఇదే మొదటిసారని, ఈసారి బండి తప్పేమీ లేదని అన్నాడు. ఆ మాట మూడుసార్లు అన్నాడు, ప్రతిసారీ కాస్త ఎక్కువ సంతోషంగా.

కథ ఇక్కడితో అయిపోతే నేను ఈపాటికి మర్చిపోయేదాన్ని. నా చదువయ్యాక వేన్ మమ్మల్ని మేబెల్‌ని చూడ్డానికి తీసుకెళ్ళాడు. షావుకారు తన పాత బండ్లన్నీ ఒక పెద్ద షెడ్డులో పెట్టి జనానికి చూపిస్తున్నాడు. మేబెల్ తళతళలాడుతోంది. వెనక, ఎర్ర రింగుకి, అదే దండ. అమ్మేముందు వేన్ మళ్ళీ అక్కడే కట్టినట్టున్నాడు. కుళ్ళిన నిమ్మకాయ తీసేసి ప్లాస్టిక్ నిమ్మకాయ, ప్లాస్టిక్ మిరపకాయలు కట్టారు. వివరించే కుర్రాడు దాని దగ్గర ఆగి, తొలిరోజుల్లో డ్రైవర్లందరూ అదృష్టం కోసం ఇలా పళ్ళూ పూలూ కట్టుకునేవారని భక్తిగా చెప్పాడు.

నేను వేన్ వైపు చూశాను. ఆయన మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"అవును. హాంక్‌కీ ఉండేది. కానీ చిన్నది" అన్నాడు.

కుర్రాడు ఆ మాట రాసుకున్నాడు. ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగాడు. నేను, అలవాటు ప్రకారం, ఏమీ అడగలేదు.

కాబట్టి నా లైసెన్స్ మీద చెయ్యి పెట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఎంతమంది పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నా సరే, మధ్యలో దూరి, "ఇక్కడ కట్టొచ్చా" అని అడుగుతాను. అడిగే ధైర్యం చాలని రోజున దండ నా మెడలోనే వేసుకుని బెంచీ మీద కూర్చుంటాను. ఎవరైనా లాగినా ఆగిపోయేది నేనొక్కదాన్నే.