సుక్క పడిందా

ఆగస్టు ఆరు. సెమిలిగుడలో పొద్దున్నుంచీ ముసురు. రెండిళ్ల మధ్య గోడకు పట్టిన నాచు గీకి, నీళ్లు పోసి కడిగాను. చేతులు తుడుచుకుంటుంటే రాయగడ నుంచి ఫోన్ వచ్చింది. ఆ గోడకి అవతలుండే సిస్టరమ్మ, అక్కడ చిన్నకొడుకు ఇంట్లో, భోంచేసి పడుకుని మరి లేవలేదట.

నేను రోజూ పద్దు పుస్తకంలో రెండు మూడు లైన్లకు మించి రాయను. ఇవాళ్టి పేజీ మాత్రం మీ కోసం. ఆవిడ తెలిసినవాళ్ల కోసం, కళ్లల్లో ప్రెషర్ ఉన్నవాళ్ల కోసం.

ఆవిడ నర్సుగా చేసి రిటైరయ్యారు. నాకు గ్లాకోమా అని కొరాపుట్‌లో డాక్టరు చెప్పేనాటికే కుడికంటి పక్కచూపు పోయింది. పోయింది రాదు, ఉన్నది నిలవాలంటే బతికినంతకాలం చుక్కలు వేసుకోవాలన్నారు. టిమోలాల్ రాశారు, రోజుకి రెండుసార్లు. ఇంకేమైనా జబ్బులున్నాయా అని అడిగితే తల అడ్డంగా ఊపాను. చిన్నప్పటి ఉబ్బసానికీ కంటికీ ఏం సంబంధం అనుకున్నాను.

వారం తిరక్కుండానే, గోడ దగ్గర బట్టలారేస్తుంటే ఆవిడ చెవి రిక్కించారు.

"తమ్ముడా, పిల్లిని పెంచుతన్నావేటి?"

"లేదండి."

"మరా పిల్లికూతలు నీవేనన్నమాట. ఏదీ, ఆ మందు సీసా ఇలా తే."

సీసా చూసి నెత్తి కొట్టుకున్నారు. "ఉబ్బసమోళ్లకి ఇది పడదు. కంట్లో ఏసింది కంట్లోనే ఉంటాదనుకున్నావా? డాక్టరడిగితే నోరిప్పి సెప్పాల. మూగనోముకి మందు నేదు."

ఆ రోజే బస్సెక్కించి కొరాపుట్ తీసుకెళ్లారు. నా తరఫున ఆవిడే మాట్లాడారు. డాక్టరు టిమోలాల్ ఆపి లాటనోప్రాస్ట్ రాశారు, సాయంత్రం ఒక్క చుక్క.

తిరుగు బస్సులో నాకు పాఠం చెప్పారు. "ఆ మొదటిది రెండు పూటలా వచ్చే సుట్టం, నీ ఊపిరి తీసేస్తాది. డోర్జోలమైడని ఇంకోటుంది, అది మంటెట్టి నోరు సేదు సేస్తాది. ఇది మా అత్త లాంటిది. దినానికొక్కసారే వస్తాది, కళ్లెర్ర సేస్తాది, గాని ఇల్లు నిలబెడతాది. రెప్పల ఎంట్రుకలు పెరిగితే కంగారు పడకు, పెళ్లికొడుకులా ఉంటావు."

చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన మూల వేలితో రెండు నిమిషాలు నొక్కమన్నారు. "నొక్కకపోతే మందు గొంతులోకి దిగిపోద్ది, కన్ను పస్తుంటాది."

అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఫ్యాక్టరీ సైరన్ మోగగానే గోడ మీంచి కేక. "తమ్ముడా, సుక్క పడిందా?"

"పడిందండి." పద్దు పుస్తకంలో ఒక సున్నా చుట్టేవాణ్ణి.

ఆ కేక వీధంతా వినేది. కొత్తగా వచ్చిన పాస్టరు గారు ఒకరోజు మా ఇంటికొచ్చి, మెల్లగా కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"రోజూ సాయంత్రం చుక్క పడాల్సిందేనటగా?"

"అవునండి."

"ఎన్నాళ్లుగా?"

"మూడేళ్లండి."

"మానలేరా?"

"మానితే కళ్లు పోతాయన్నారండి డాక్టరు గారు."

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "ప్రార్థన చేద్దామా?" అన్నారు. గోడ అవతల ఏదో గిన్నె కిందపడింది, ఆ వెనకే సిస్టరమ్మ నవ్వు. ఆ క్రిస్మస్‌కి కేకు పంపుతూ, "ఇందులో సుక్క నేదని పాస్టరు గారికి సెప్పు" అన్నారు.

పోయిన నెల పరీక్ష చేసి, ఎడమకన్ను నాలుగేళ్ల కిందట ఎలా ఉందో అలాగే ఉందన్నారు డాక్టరు. గోడ దగ్గరికెళ్లి చెప్పాను. "మరి నానూరికే అరుస్తన్నానేటి?" అన్నారు. థాంక్స్ చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. మూగనోము ఇంకా పూర్తిగా తీరలేదు.

ఇప్పుడే సైరన్ మోగింది. వాన తగ్గింది. రాయగడ వెళ్లే జీపు వాళ్ల గుమ్మంలో ఉంది, నేనూ అందులోనే వెళ్తున్నాను. బ్యాగు పట్టుకుని బయటికొచ్చిన పెద్దకోడలు గోడ దగ్గర ఆగింది. ఒడియా అమ్మాయి, నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. తెలుగు మాటలు విడివిడిగా నేర్చుకోలేదు, అత్తగారి నోట విన్నవి విన్నట్టే పట్టుకుంది. ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో పిలిచింది.

"తమ్ముడా, సుక్క పడిందా?"

"ఇంకా లేదమ్మా" అన్నాను.

ఆమె కదల్లేదు. కడిగిన గోడ మీద చెయ్యి వేసి నిలబడే ఉంది. ఇవాళ్టి సున్నా ఇంకా చుట్టలేదు. సీసా తెచ్చుకుని, ఆమె చూస్తుండగా చుక్క వేసుకుని, అప్పుడు చుడతాను.